మోకాలిని మళ్లీ పాడుచేసుకునే విధానం

డాక్టరుగారు మీ మోకాలిని అటూ ఇటూ వంచి చూసి, "ఇక నెమ్మదిగా సైకిల్ తొక్కొచ్చు" అన్నారనుకోండి. అందులో "నెమ్మదిగా" అన్నది ఆయన మర్యాద కొద్దీ చేర్చింది, మనం లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. ఇంటికొచ్చే దారిలోనే ఫోన్ తీసి, సైకిలిస్టుల వాట్సాప్ గ్రూపులో "ఆదివారం నేనూ వస్తున్నా" అని పెట్టేయండి. వెంటనే చప్పట్ల బొమ్మలు వచ్చిపడతాయి. నలుగురిలో మాట ఇచ్చాక వెనక్కి తగ్గడం మన ఇంటావంటా లేదు. మళ్లీ ఆ డాక్టరుగారి గది ముందు బెంచీ మీదికి చేరడానికి ఇది బలమైన పునాది.

తర్వాత షాపుకెళ్లండి. మోకాలికి బిగుతుగా తొడుక్కునే నీ-క్యాప్ ఒకటి కొనండి. అది వెచ్చగా ఉంటుంది, కాస్త ధైర్యమూ ఇస్తుంది. నెలల తరబడి మంచం మీద ఉండి సన్నబడిన తొడ కండరాన్ని తిరిగి తెచ్చివ్వదు గానీ, ఆ సంగతి దాని డబ్బా మీద రాసి ఉండదు కాబట్టి మీరూ పట్టించుకోకండి. క్లిప్ పెడళ్లు కూడా తీసుకోండి. బూటు అడుగున బిగించి పెడలుకి తగిలించే క్లీటు ఏ కోణంలో ఉంటే పాదం ఆ కోణంలోనే తిరుగుతుంది. పాదాన్ని కాస్త అటూ ఇటూ కదలనిచ్చే రకాలు కూడా దొరుకుతాయి, అవి వద్దు. పాదం కదలకపోతే ఆ మెలిక పోయి పోయి మోకాలి దగ్గరే తేలుతుంది. మనకి కావలసిందీ అదే.

ఇప్పుడు అసలు విద్య, సీటు. దాన్ని బాగా కిందికి దించండి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సీటు మీదినుంచి లేవకుండానే రెండు పాదాలూ నేలకి ఆనాలి. సైకిలు రిపేరు షాపులో కుర్రాడి నుంచి అపార్ట్‌మెంటు వాచ్‌మన్ దాకా అందరూ చెప్పే కొలత ఇదే. సీటు అంత కిందికి ఉంటే పెడలు పైకొచ్చిన ప్రతిసారీ మోకాలు అతిగా ముడుచుకుంటుంది, మోకాటి చిప్ప వెనకున్న తొడ ఎముకకి గట్టిగా అదుముకుంటుంది. మెట్లు దిగేటప్పుడు చిప్ప చుట్టూ వచ్చే నొప్పి ఉంది చూశారూ, దాన్ని తిరిగి పిలవడానికి ఇంతకన్నా చవకైన పద్ధతి లేదు. చేతిలో పానా ఉంటే చాలు.

పొరపాటున కూడా చేయకూడని పని ఒకటుంది. గోడ పట్టుకుని సీటెక్కి, పెడలుని అట్టడుగుకి తెచ్చి, దానిమీద మడమ ఆనించి చూడకండి. అలా ఆనించినప్పుడు కాలు నిటారుగా వస్తే సీటు దాదాపు సరైన ఎత్తులో ఉన్నట్టు లెక్క. తొక్కేటప్పుడు ఆనేది మడమ కాదు, పాదం ముందుభాగం. కాబట్టి మోకాలు కొద్దిగా వంగే ఉంటుంది. సైకిలు ఫిట్టింగు చేసేవాళ్లు కోరేది 25 నుంచి 35 డిగ్రీల ఆ వంపే. ఇంకాస్త చాదస్తులైతే గజ్జల నుంచి నేల దాకా కొలిచి, దాన్ని 0.883తో గుణిస్తారు. వచ్చిన అంకె పెడళ్ల కాడలు (క్రాంకులు) తిరిగే నడిమి ఇరుసు నుంచి సీటు పైదాకా ఉండాల్సిన దూరం. అమెరికా రేసర్ గ్రెగ్ లెమాండ్ పేరు మీద చలామణిలో ఉన్న లెక్క ఇది. మనకెందుకు ఈ గుణకారాలు? అడ్డతొక్కుడు తొక్కి పెరిగిన తరం మనది. సీటు ఎత్తు గురించి ఆలోచించడానికి ముందు సీటు అందాలి కదా!

మోకాలి ముందువైపు నొప్పి వస్తే సీటు తక్కువైందనీ, వెనకవైపు వస్తే ఎక్కువైందనీ అనుమానించి, ఒక్కోసారికి రెండు మూడు మిల్లీమీటర్లు జరిపి, కొన్నాళ్లు తొక్కి చూసే ఓపికమంతులు ఉంటారు. మీరు ఒకేసారి రెండంగుళాలు లేపండి. మర్నాడు మళ్లీ దించండి. అదే రోజు క్లీటూ, హ్యాండిలూ కూడా మార్చేయండి. ఏ మార్పుకి ఏ నొప్పి వచ్చిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేకపోవాలి.

గేర్ల విషయంలో మగతనం చూపించాల్సిందే. (ఆడవాళ్లలో ఈ జబ్బు తక్కువని నా పరిశీలన. తప్పయితే దిద్దండి.) ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం, పళ్లు బిగపట్టి ఒక్కో తొక్కు. అదే వేగానికి నిమిషానికి 90 సార్లు పెడళ్లు తిప్పేవాడికన్నా 45 సార్లు తిప్పేవాడు ఒక్కో తొక్కుకి రెట్టింపు బలం పెట్టాలి. ఆ బలం మోకాలి గుండానే పోవాలి. తేలిక గేరులో గలగలా తిప్పుకుంటూ పోతే మోకాలికి నొప్పే తెలియదు. నిజానికి సైకిలు అంటేనే మోకాలికి మందు లాంటిది. లిగమెంటు ఆపరేషన్ అయినవాళ్లని, రోడ్డు మీదికి పంపడానికి ఎన్నో నెలల ముందే, ఫిజియోలు కదలని సైకిల్ ఎక్కించి బరువు లేకుండా కాళ్లు తిప్పిస్తారు. అలాంటి మందుని విషంగా మార్చాలంటే తొక్కేవాడి పట్టుదల ఒక్కటే సరిపోతుంది.

దారి ఎంపిక కూడా ముఖ్యం. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సైకిల్ ట్రాక్ ఉంది. 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల పొడవున ప్రారంభమైంది. పైన సోలార్ పలకల నీడ, పక్కన లారీల భయం లేదు. నానక్‌రామ్‌గూడ దగ్గరో నార్సింగి దగ్గరో ఎక్కి, నాలుగు కిలోమీటర్లు వెళ్లి, మోకాలు ఏమంటోందో విని, వెనక్కి తిరిగి రావచ్చు. అందుకే అటు వెళ్లకండి. మూసీ పుట్టిన చోటు చూడాలన్న వంకతో నేరుగా వికారాబాద్ అవతలి అనంతగిరి కొండలకి బయల్దేరండి. విశాఖవాళ్లకైతే బీచ్ రోడ్డు చదునుగా చప్పగా ఉంటుంది, కైలాసగిరి ఎక్కండి. పేరు కూడా కలిసొస్తుంది. ఇదంతా చిన్నతనంగా తోస్తే బ్రెవే అనే దూరపు సైకిల్ సవారీకి పేరిచ్చేయండి. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి. మధ్యలో మోకాలు మొరాయిస్తే కూర్చుని ఏడవడానికి కూడా గడియారం ఒప్పుకోదు.

స్ట్రావా యాప్‌లో మీ పాత రికార్డులు రోజూ తీసి చూడండి. దెబ్బ తగలకముందు ఫలానా ఎత్తు ఎంతసేపట్లో ఎక్కారు, ఇప్పుడెంత పడుతోంది, అప్పట్లో మీ వెనకుండే బ్యాంకు ఉద్యోగి ఇప్పుడెంత ముందున్నాడు. ఇక్కడ ప్రకృతి మనకి గొప్ప సాయం చేసింది. మళ్లీ తొక్కడం మొదలుపెట్టాక గుండె, ఊపిరి త్వరగా దారికొస్తాయి. వాటి వెనక కండరాలు కోలుకుంటాయి. టెండన్లకి, లిగమెంట్లకి రక్తం తక్కువ, తొందర అంతకన్నా తక్కువ. కాబట్టి మోకాలు ఇంకా సిద్ధం కాకముందే మీకు ఆయాసం రావడం మానేస్తుంది, "నేను పూర్తిగా కోలుకున్నాను" అనిపిస్తుంది. లేడికి లేచిందే పరుగు అంటారే, సరిగ్గా ఆ ఘడియలోనే దూరం రెట్టింపు చేయాలి.

ఎవరైనా ఫ్రెంచి రేసర్ బెర్నార్ ఇనో కథ చెప్పబోతే చెవులు మూసుకోండి. 1980 టూర్ డి ఫ్రాన్స్‌లో అందరికన్నా ముందుండి, ఒంటిమీద పసుపు జెర్సీ ఉండగానే, మోకాలి నొప్పితో పో పట్టణంలో రాత్రికి రాత్రి పోటీ వదిలేసి వెళ్లిపోయాడు. అదే ఏడాది ఆగస్టు చివర్లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1983లో మళ్లీ మోకాలే, ఈసారి ఆపరేషన్. ఆ ఏటి టూర్‌కి వెళ్లనే లేదు. 1985లో ఐదోసారి టూర్ గెలిచాడు. సైకిల్ దిగడానికి నామోషీ పడని మనిషి. మనకేమో పసుపు జెర్సీ లేదు, పోటీ లేదు, వెనక ఎవరూ తరమడం లేదు. అయినా "ఏం అన్నా, అప్పుడే దిగినవ్?" అని గ్రూపులో ఎవడో అంటాడన్న భయంతో దిగం. పట్టుదలలో ఇనో మనకి సరిపోడు.

బయల్దేరే ముందు ఒక నొప్పి మాత్ర వేసుకోండి. మోకాలు చెప్పే కబురు మీదాకా రాకుండా ఉండటాన్ని మించిన సుఖం లేదు. మర్నాడు పొద్దున లేవగానే మోకాలు నిన్నటికన్నా వాచిందా, బిగుసుకుందా అని చూసుకుని, అలా ఉంటే నిన్న తొక్కింది ఎక్కువైనట్టు లెక్కేసుకుని తగ్గించమని ఫిజియోలు చెబుతారు. చూసుకోకండి. మోకాలు మధ్యలో బిగిసిపోయినా, నడుస్తుంటే ఉన్నట్టుండి జారిపోయినట్టు అనిపించినా డాక్టరుకి చూపించకండి. ఎదురింటి పెద్దాయన్ని అడగండి. ఆయన పుత్తూరు కట్టు వేయించుకోమంటారు. లోపల చిరిగింది బహుశా ఎముకల మధ్యనుండే నెలవంకలాంటి మెత్తటి మెనిస్కస్, కట్టు పేరుబడింది విరిగిన ఎముకకి. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడంలో మనవాళ్లని మించినవారు లేరు.

ఇక "ఆరోగ్యకరమైన అలవాట్లు" అనే చాదస్తం. నేల మీద వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా ఒక కాలు పైకెత్తి పట్టుకోవడం, పక్కకి తిరిగి పడుకుని పైకాలు లేపడం, గోడకి వీపు ఆనించి కొంచెం కిందికి దిగడం. తొడకీ పిరుదుకీ బలం పెరిగితే మోకాటి చిప్ప దారి తప్పదని ఫిజియోల వాదన. ఫోటో తీసి పెట్టుకోవడానికి కూడా పనికిరాని వ్యాయామాలు, చూస్తే ఇంట్లోవాళ్లు నవ్వుతారు. రెండు తొడల చుట్టుకొలతా టేపుతో కొలిచి పోల్చి చూడకండి, తేడా కనబడితే మనసు చివుక్కుమంటుంది.

తిండి దగ్గర మాత్రం మొహమాటపడొద్దు. గండిపేట దాకా వెళ్లొచ్చి, గంటన్నర తొక్కిన పుణ్యమంతా టిఫిన్ సెంటర్లో ఒక నెయ్యి కారం దోసె, ఒక ప్లేటు మైసూర్ బజ్జీ, చక్కెర దండిగా వేసిన చాయ్‌తో అక్కడికక్కడే చెల్లు చేయండి. బరువు ఎక్కువుండి మోకాళ్లు అరిగిన పెద్దవాళ్ల మీద అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2005లో అచ్చయింది. ఒక కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని అందులో తేలింది. అంటే ఒక కిలో పెరిగితే మీ పని ఎంత సులువవుతుందో చూడండి. శనివారం రాత్రి ఒంటిగంట దాకా ఓటీటీ చూసి, నాలుగున్నరకి అలారం పెట్టుకుంటే నిద్ర బెడద కూడా తీరిపోతుంది.

ఇన్నీ పాటించాక కూడా మోకాలు నొప్పి పెట్టడం లేదంటే సీటు ఎత్తు ఒకసారి చూసుకోండి. పొరపాటున సరిగ్గా పెట్టి ఉంటారు.