శంషాబాద్‌లో కోరం

డాక్యుమెంటరీ కంపెనీ బోర్డు మెంబరును పెళ్లిపందిట్లో కూడా గుర్తుపట్టొచ్చు. చేనేత లాల్చీ, దాని మీద నెహ్రూ కోటు, భుజాన ఏదో ఫిల్మ్ ఫెస్టివల్ వాళ్లిచ్చిన గుడ్డ సంచీ. "మీరు సినిమా మనిషా?" అంటే "అబ్బే" అంటాడు. "కాదన్నమాట" అంటే నొచ్చుకుంటాడు. సినిమావాళ్ల అప్పులూ అపవాదులూ అంటకుండా ఆ లైటు మాత్రం కాస్త మొహాన పడాలంటే లాభాపేక్ష లేని డాక్యుమెంటరీ సంస్థలో చేరడమే దారి. పైగా కాగితాల మీద హోదా డైరెక్టరు. చుట్టాల్లో "నేను డైరెక్టర్ని" అని చెప్పుకుంటే అబద్ధమూ కాదు.

పూర్వం ఇలాంటి సంస్థలు 1956 కంపెనీల చట్టం 25వ సెక్షను కింద పుట్టేవి. ఇప్పుడు 2013 చట్టం 8వ సెక్షను కింద పుడుతున్నాయి. లాభం వస్తే సభ్యులు పంచుకోకూడదన్నది ముఖ్యమైన షరతు. మన బోర్డులు ఈ షరతును ఇంతవరకు ఒక్కసారి కూడా మీరలేదు. అంత అవకాశం డాక్యుమెంటరీ ఇవ్వలేదు.

సిటీలో ఆఫీసుంది, సినిమా చూసుకోడానికి తెరా ఉంది. అయినా బోర్డు మీటింగు శంషాబాద్‌లోనే, ఎయిర్‌పోర్టు పక్కన స్టార్ హోటల్లో. ఒకాయన బెంగళూరు నుంచి దిగుతాడు, ఒకాయన న్యూజెర్సీకి ఎక్కుతాడు, ఒకావిడ పొద్దున ఢిల్లీ నుంచి వచ్చి సాయంత్రానికి చెన్నైలో ఉండాలి. 2008 మార్చిలో విమానాలు బేగంపేట వదిలి ఇక్కడికి మారినప్పుడు "ఊరికి ఇంత దూరమా!" అని గోల పెట్టింది వీళ్లే. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్ వే వేసి పెట్టినా, ఇప్పుడు వీళ్లకు ఎయిర్‌పోర్టుకు ఊరు దూరమైపోయింది. సినిమా తీసిన అమ్మాయి మాత్రం ఆ ఊళ్లోంచే, హార్డ్‌డిస్కు ఒళ్లో పెట్టుకుని, పుష్పక్ బస్సులో వస్తుంది.

కోరం సమస్య రాదు. మామూలు కంపెనీల కంటే 8వ సెక్షను కంపెనీలను ప్రభుత్వం ముద్దుగా చూస్తుంది. ఆరు నెలలకొక మీటింగు చాలు. మొత్తం మెంబర్లలో పాతికవంతు గానీ ఎనిమిది మంది గానీ, ఏది తక్కువైతే అంతమంది ఉంటే చాలు, ఇద్దరికి మాత్రం తగ్గకూడదు. ఆ ఇద్దరిలో ఒకాయన ఫోన్లో ఉంటాడు.

చైర్మన్ గారు రిటైరైన ఐఏఎస్. ఫైలెలా చూసేవారో సినిమా అలాగే చూస్తారు, చివరి పేజీ ముందు. రైతు మాట్లాడుతుంటే వెనకాల మేక అరిచింది. వెంటనే ఆపించారు.

"ఆ మేకకు ఎవరు పర్మిషనిచ్చారమ్మా?"

"అది ఆయన మేకే సార్."

"అలాగైతే ఒక డిస్‌క్లెయిమర్ వెయ్యండి."

సినిమా ఏమిటంటే, ఎయిర్‌పోర్టుకు 5 వేల ఎకరాలకు పైగా భూమి పోయింది కదా, అందులో మూడెకరాలు పోగొట్టుకున్న రైతు కథ. బోర్డులో ఓ స్థానికుడు ఉండాలని ఎవరో అంటే శంషాబాద్ రియల్ ఎస్టేట్ అన్నను తెచ్చుకున్నారు. అందరికంటే శ్రద్ధగా చూసేది ఆయనే. రైతు కళ్లు తుడుచుకునే చోట కుర్చీలోంచి ముందుకు వంగాడు. అమ్మాయి ప్రాణం లేచొచ్చింది.

"చెల్లె, జర ఆపు. ఎన్క ఆ రాయి మీద సర్వే నంబరు ఎంతున్నది? పెద్దగ చెయ్యి."

తర్వాత కట్టడాలకు పగ్గాలేసిన 1996 నాటి 111 జీవో మీద, దాని కిందున్న 84 గ్రామాల మీద, ఎత్తేస్తే ఏమవుతుంది ఎత్తకపోతే ఏమవుతుంది అన్న దాని మీద పావుగంట చెప్పాడు. నిజం చెప్పాలంటే సినిమా కంటే అదే రక్తి కట్టింది. ఢిల్లీ ఆవిడ కూడా నోట్సు రాసుకుంది.

న్యూజెర్సీ ఆయన "ఇంపాక్ట్ ఎంత?" అనే మనిషి. రైతుకు పోయింది మూడెకరాలని చెబితే, "అది ఇన్‌పుట్. ఔట్‌కమ్ చెప్పండి" అన్నాడు. డబ్బివ్వాలని ఆయనకు మనసు నిండా ఉంది. కానీ అమెరికా పౌరుడైపోయాడు కాబట్టి ఆయనిచ్చేది విదేశీ విరాళం. దానికి విదేశీ విరాళాల చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ, కింద రిజిస్ట్రేషన్ కావాలి, 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో దిగాలి. ఈ చట్టం ఆయన దాతృత్వాన్ని చెక్కు చెదరకుండా కాపాడుతూ వస్తోంది. ప్రతి మీటింగులోనూ ఇస్తానంటాడు, ప్రతి మీటింగులోనూ చప్పట్లు కొడతారు.

ఇక మాజీ నిర్మాత. షూటింగయిపోయింది మహాప్రభో అన్నా వినడు, అమ్మపల్లి రాములవారి గుళ్లో కొబ్బరికాయ కొట్టి క్లాపు ఇవ్వందే బయటికి పంపొద్దంటాడు. అక్కడ మొదలెట్టిన సినిమా ఆడుతుందని ఫిల్మ్‌నగర్ నమ్మకం. "ఇది థియేటర్లో ఆడదు సార్" అంటే "ఆ మాట గుళ్లో మాత్రం అనకు" అన్నాడు.

కానీ ఇంతమందీ ఒక్కటయ్యే మాట ఒకటుంది. డ్రోన్ షాట్. అది లేని సినిమా వీళ్లకు సినిమాలా కనబడదు. "పైనుంచి మూడెకరాలూ ఒకేసారి కనబడాలమ్మా, అప్పుడుగానీ గ్రాండ్‌గా ఉండదు!" ఎయిర్‌పోర్టు పక్కన అనుమతి లేకుండా డ్రోన్ లేపితే కేసు పెడతారని అమ్మాయి చెప్పింది. చైర్మన్ గారు "నేను మాట్లాడతాలే" అన్నారు. రిటైరై ఎన్నేళ్లయినా ఈ వాక్యం మాత్రం సర్వీసులోనే ఉంటుంది.

అప్పుడు అమ్మాయి జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ సంగతి ఎత్తింది. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత ఆడవాళ్లు, చాలామంది బడి మొహం చూడనివాళ్లు, పొలం పనులు చేసుకుంటూనే కెమెరా పట్టారు. బీటీ పత్తి వేసిన వరంగల్ రైతుల గోడు సినిమాగా తీశారు. షాట్లకు వాళ్ల పేర్లు వాళ్లకున్నాయి. పైనుంచి కిందికి తీస్తే పటేల్ షాట్, ఎందుకంటే పటేల్ వాళ్లను అలాగే చూస్తాడు. ఎదురెదురుగా కూర్చుని కళ్ల ఎత్తులో తీస్తే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో కూర్చునేది అలాగే. జీతగాడు దొరను చూసినట్టు కిందినుంచి పైకి తీసేదానికీ ఓ పేరుంది. తన సినిమా అంతా సంఘం షాట్లోనే తీశానంది.

గది నిశ్శబ్దమైపోయింది. కిటికీ అవతల ఒక విమానం దిగింది. బెంగళూరు ఆయన అది తనదేమోనని వాచీ చూసుకున్నాడు.

"చాలా బాగుంది" అన్నారు చైర్మన్ గారు. "వాళ్ల బోర్డులో ఎవరెవరున్నారు?"

మినిట్సులో "పస్తాపూర్ అనుభవం నమోదు చేసుకోవడమైనది" అని ఎక్కింది. దాని కిందే "డ్రోన్ షాట్ అవకాశాలు పరిశీలించవలెను" అని ఎక్కింది.

సినిమాను 52 నిమిషాల నుంచి 26కు కుదించాలన్న తీర్మానం భోజనాలకు ముందే, బిర్యానీ వాసన మీద, ఏకగ్రీవంగా నెగ్గింది. తర్వాత టైటిల్స్ మొదలయ్యాయి. ఎవరి పేరు ముందు? వయసు ప్రకారమా, అక్షరక్రమమా, హోదా ప్రకారమా? "మాజీ" అని వెయ్యాలా, "విశ్రాంత" అని వెయ్యాలా? రియల్ ఎస్టేట్ అన్న తన ఫొటో కూడా పెట్టమన్నాడు, వెంచర్ బ్రోచర్లో పెట్టినట్టు. రైతుకివ్వనంత టైము బోర్డు దీనికిచ్చింది, బెంగళూరు ఆయన బోర్డింగ్ కాల్ వచ్చేదాకా.

ఇంతసేపూ మూలన ల్యాప్‌టాప్ ముందేసుకుని ఒకాయన కూర్చున్నాడు, ఆడిటర్. సినిమా చూడలేదు, మాట్లాడలేదు, బిర్యానీ మాత్రం రెండోసారి వడ్డించుకున్నాడు. అందరూ ట్రాలీ సూట్‌కేసులు లాక్కుంటూ లేచేసరికి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"సార్, డైరెక్టర్ల కేవైసీ. లేటైతే మనిషికి 5 వేలు ఫైను."

"వచ్చే మీటింగులో చూద్దామయ్యా, నాకు సెక్యూరిటీ చెక్‌కు టైమవుతోంది" అన్నాడు న్యూజెర్సీ ఆయన.

"మీ ఫోనుకు ఓటీపీ వచ్చింది సార్. అది చెప్పి వెళ్లండి."

అందరూ సంచుల్లో కళ్లజోళ్లు వెతుక్కోవడం మొదలెట్టారు.