విందుకెళ్లిన కావలి

రాయచూరు అంతర్వేది కోసం విజయనగర రాజులు తరతరాలు కత్తులు దూశారు. ఎల్లల మీద అంత పట్టుదల, సొంత గుమ్మం మాత్రం కావలివాళ్ల దయ. 1443లో వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ రాసింది చూడండి. రెండో దేవరాయల సోదరుడు విందుకు పిలిచి ప్రముఖులను ఒక్కొక్కరినే లోపల చంపించాడు, కేకలు వినపడకుండా బయట వాద్యాలు మోగించాడు. తర్వాత రాజనగరుకు వెళ్లి కాపలాదార్లనూ తీయటి మాటలతో విందుకు పిలిచాడు. వెళ్లారు! రాజు బాకుపోటు తినీ బతికాడంటే అది ఆయన ఆయుష్షు గట్టితనమే, కావలి చలవ కాదు.

ఒక్క విందు చూసి వ్యవస్థనే తిడతారా అనొచ్చు. 1485 నాటి సంగతీ ఉంది మరి. సింహాసనం పట్టబోతున్న సాళువ నరసింహుడి సేనాని నగరులోకి వస్తే ద్వారం తర్వాత ద్వారం దాటినా అడ్డుకునేవాడే లేడంటాడు పోర్చుగీసు యాత్రికుడు న్యూనిజ్. బలవంతుణ్ని చూసి తప్పుకోవడం వివేకం కదా? కావచ్చు. ఆ వివేకానికి జీతమెందుకు, ఊళ్లో ఎవరైనా ఉచితంగానే చేస్తారు. కృష్ణదేవరాయల అంతఃపురంలో కత్తీ డాలూ తిప్పే స్త్రీలున్నారని మరో పోర్చుగీసు యాత్రికుడు పాయెస్ రాశాడు. పాత కావలి చరిత్ర రాయలవారి చెవిన పడే ఉంటుంది.