టేపు సారు

చిన్న పడకగదిలో జాగా మిగల్చడాన్ని జీవితవ్రతంగా స్వీకరించిన గృహస్థుడు తెలుగు పట్టణాలన్నిటిలోనూ కనిపిస్తాడు గాని, జడ్చర్లలో అతనికి ఒక పరిపూర్ణత సిద్ధించింది. చొక్కా జేబులో కలంతో పాటు స్టీలు టేపు కూడా పెట్టుకొని తిరుగుతాడు గనుక వాడవారు అతనిని టేపు సారు అంటారు. ఇది ఒక వ్యక్తి పేరు కాదు, ఒక జాతి పేరు. బాదేపల్లిలో ఒకడు, కావేరమ్మపేటలో ఒకడు, రైల్వే స్టేషను వైపు మరొకడు ఉంటాడు. వృత్తిరీత్యా ఇతడు బడిపంతులు కావచ్చు, మార్కెట్ యార్డులో పల్లికాయ బస్తాల లెక్క రాసే గుమాస్తా కావచ్చు, పోలేపల్లి సెజ్‌లో, అనగా పన్ను రాయితీలతో పరిశ్రమలకు కేటాయించిన ప్రత్యేక ఆర్థిక మండలిలో, మందుల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు కావచ్చు. ఏ ఉద్యోగమైనా, సాయంత్రం ఇంటికి రాగానే అతడు ముందుగా చూసేది భార్యాపిల్లల ముఖాలు కాదు, పొద్దున తాను వెళ్లినప్పుడు ఖాళీగా ఉన్న మూల ఇప్పటికీ ఖాళీగానే ఉన్నదా అన్నది. ఖాళీగా ఉంటే, దానిని ఎట్లా నింపాలా అన్నది.

అతని పరిశోధనకు ఆధారం పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు గల గది. నేషనల్ బిల్డింగ్ కోడ్, అనగా దేశంలో కట్టడాలకు కనీస ప్రమాణాలను సూచించే నియమావళి, ఇంట్లో నివాసానికి ఒకే గది ఉంటే అది 9.5 చదరపు మీటర్లకు తగ్గరాదంటుంది. అడుగులలోకి మారిస్తే అది 102 చదరపు అడుగుల పైచిలుకు. గదులు రెండయితే రెండవది 7.5 చదరపు మీటర్లున్నా చాలునని అదే నియమావళి సడలింపు ఇచ్చింది కాబట్టి, నియమం దృష్టిలో టేపు సారుకు వచ్చిన లోటేమీ లేదు. లోటు వచ్చింది పెండ్లి సామానుతో. అత్తవారు పెట్టిన డబుల్ కాట్ ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు, అనగా నూరు చదరపు అడుగులలో ముప్పై తొమ్మిది. దానితో పాటు వచ్చిన ఉక్కు బీరువా మూడడుగుల వెడల్పు. ఈ దేశంలో ఉక్కు బీరువాల తయారీని గోద్రెజ్ సంస్థ 1923లో చేపట్టింది. ఆనాడు దొంగలను దృష్టిలో పెట్టుకొని పుట్టిన ఈ వస్తువు, కదిలించడానికి నలుగురు కావలసినంత బరువును నేటికీ నిలుపుకొన్నది.

ఇక వాస్తు. బీరువా నైరుతి మూలన ఉండి ఉత్తరానికి తెరుచుకోవాలి, పడుకున్నవారి తల దక్షిణానికి ఉండాలి అనే రెండు సూత్రాలను కలిపి చదివితే, మంచము, బీరువా రెండూ దక్షిణపు గోడనే ఆశ్రయించవలసి వస్తుంది. పదడుగుల గోడలో ఆరు మంచానికి, మూడు బీరువాకు పోగా ఒక అడుగు మిగులుతుంది. సామాన్యుడు ఆ అడుగును గాలికి వదిలేస్తాడు. టేపు సారు మాత్రం అందులో ఇస్త్రీ బల్లను నిలువుగా, దాని వెనుక చాపను చుట్టగా, చాప లోపల గొడుగును, గొడుగు లోపల పాత క్యాలెండర్లను అమర్చి, అటు తర్వాతనే ప్రశాంతంగా నిద్రపోతాడు. వాన పడిన రోజున గొడుగు తీయాలంటే ముందుగా క్యాలెండర్లను ఎక్కడ పెట్టాలో నిర్ణయించవలసి ఉంటుంది గనుక, ఇంటిల్లిపాదీ తడుస్తూనే బడికి, బజారుకు పోయివస్తారు.

ఈ ఆరాటానికి మూలం మనిషి బుద్ధిలో మాత్రమే వెదకడం అన్యాయం. కొంత మూలం గోడలో ఉన్నది. పాలమూరు, అనగా మహబూబ్‌నగర్ ప్రాంతపు, పల్లెలలోని పాత మట్టి ఇండ్లకు గోడలు బాగా మందంగా ఉండేవి. ఆ మందంలోనే గూళ్లు తీసి దీపాన్ని, అద్దాన్ని, దువ్వెనను, తాళపుచెవులను ఉంచేవారు; గోడకు దిగగొట్టిన కొయ్యలకు సంచులు తగిలించేవారు; దూలాల నుండి రెండు తాళ్లతో వేలాడే అడ్డకర్రను, అనగా దండెమును, బట్టలకు కేటాయించేవారు; పెరుగు ఉట్టి మీద ఉండేది. వస్తువు నేలను తాకకుండా బతకగల ఇల్లు అది. సిమెంటు వచ్చి, గదికి గదికి మధ్య గోడ నాలుగున్నర అంగుళాలకు చిక్కిపోయాక, గోడ వదులుకున్న జాగా గదికి కలిసివచ్చిన మాట నిజమే గాని, గోడలో కాపురమున్న వస్తువులు కూడా గదిలోకి దిగివచ్చాయి. వాటికి పునరావాసంగా మేస్త్రీ తలుపు ఎత్తున ఒక సజ్జను, అనగా సామాను ఎక్కించడానికి గోడ నుండి ముందుకు పొడిచిన సిమెంటు పలకను, ఒక మూలన కడపబండ సెల్ఫులను ఇచ్చి తన బాధ్యత ముగించుకున్నాడు. అక్కడి నుండి సారు బాధ్యత మొదలయింది.

మంచం విషయంలోనూ ఇట్లాంటి చరిత్రే ఉన్నది. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో విలియం మర్ఫీ అనే ఆయన, పగలు గోడలోకి లేచిపోయి రాత్రి కిందికి వాలే మంచాన్ని రూపొందించి పేటెంటు పొందాడు. జడ్చర్ల చుట్టుపక్కల పల్లెలలో నులకమంచాన్ని పొద్దున్నే లేపి గోడకు ఆనించే పని అంతకంటె ఎంతో ముందు నుండి పేటెంటు లేకుండానే సాగుతున్నది. డబుల్ కాట్ రావడంతో ఆ విద్య పోయింది. అది లేవదు, మడవదు, తలుపులో నుండి బయటికి రాదు. అందుచేత సారు దానిని పెట్టె మంచంగా, అనగా పరుపు కింద చెక్క మూత, ఆ మూత కింద అరలు గల మంచంగా మార్పించాడు. మూత ఎత్తితే లోపల ఒక చిన్న గోదాము. బొంతలు, చెద్దర్లు, పండుగ పాత్రలు అన్నీ అందులోనే. అయితే మాఘమాసపు చలిలో అర్ధరాత్రి ఒక చెద్దరు కావలసివస్తే, పడుకున్నవారందరూ లేచి, మెత్తలు తీసి, పరుపును గోడకు నిలిపి, మూత ఎత్తవలసి ఉంటుంది. ఈ కార్యక్రమాన్ని తలుచుకున్న మరుక్షణం, చలి అంతగా లేదన్న నిర్ణయానికి కుటుంబసభ్యులు ఏకగ్రీవంగా వస్తారు.

మిగిలిన పరికరాలను వాటి ఉపయోగాన్ని బట్టి కాక, పరస్పర వైరాన్ని బట్టి వర్ణించడం ఉచితం. గోడకు మడతబందులతో బిగించిన బల్ల వాల్చితే బీరువా తెరుచుకోదు; మంచం కింది సొరుగు లాగితే బల్ల వాలదు; రెండవ సొరుగు లాగితే గది తలుపు సగంలోనే ఆగిపోతుంది. ఒంటి పట్టాల దారి మీద ఎదురుబండి దాటేదాకా స్టేషనులో ఆగే రైలుకు మల్లే, ఇంట్లో ప్రతి మనిషీ మరొకరి పని ముగిసేదాకా గడప దగ్గర నిలబడవలసిందే. జడ్చర్ల మీదుగా పోయే సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మార్గాన్ని రైల్వేవారు రెండు లైన్లు చేసుకున్నారు గాని సారు గదికి ఆ యోగం పట్టలేదు. పొద్దున ఆరింటికి బీరువా, ఆరుంబావుకు బల్ల, ఆరున్నరకు సొరుగు అని అతడు తలుపు వెనుక ఒక పట్టిక అంటించాడు. పట్టిక చూడాలంటే తలుపు మూయాలి; తలుపు మూయాలంటే సొరుగు లోపలికి తోయాలి.

ఇంతకూ ఆ అరలన్నిటిలో దాగినవి ఏవి అన్న ప్రశ్న వేస్తే అసలు విషయం బయటపడుతుంది. కుటుంబం వాడుకునే బట్టలు తలుపు వెనుక నాలుగు మేకులకు సరిపోతాయి. మిగిలినదంతా వాడనివాటిది. టీవీ కొన్నప్పటి అట్టపెట్టె, లోపలి థర్మాకోలుతో సహా, గ్యారంటీకి కావాలని దాచినది, టీవీ పాతసామానువాడి బండి ఎక్కిన తరువాత కూడా ఉన్నది. బియ్యం సంచులు, మిఠాయి డబ్బాలు, ఏ తాళానివో తెలియని తాళపుచెవులు ఉన్నాయి. అన్నిటికంటె పెద్ద వాటా పెట్టుపోతలది, అనగా శుభకార్యాలలో ఒక ఇంటివారు మరొక ఇంటివారికి పెట్టే కానుకలది. వడిబియ్యం నాడు, అనగా ఆడబిడ్డ ఒడిలో పుట్టింటివారు బియ్యం పోసే వేడుకలో, వచ్చిన జాకెట్ ముక్కలు, గృహప్రవేశాలలో వచ్చిన ప్యాంటు షర్టు గుడ్డలు కుట్టించుకోవడానికి కావు; అవి ఇంకొక శుభకార్యానికి తరలిపోవడానికి, మధ్యలో కొంతకాలం సారు ఇంట్లో మకాం చేస్తాయి. స్టీలు బిందెల పరిస్థితి మరింత దారుణం. వాటి మీద ఇచ్చినవారి పేరు, ఊరు, తేదీ చెక్కించి ఉంటాయి గనుక అవి ఎక్కడికీ తరలిపోలేవు, ఎవరికీ ఇవ్వరావు. ఏ శాస్త్రజ్ఞుడూ వీటికి విరుగుడు కనిపెట్టలేదు.

వస్తువును చేతిలోకి తీసుకొని, అది ఆనందం కలిగిస్తేనే ఉంచుకోవాలని, లేకుంటే కృతజ్ఞత చెప్పి సాగనంపాలని జపాన్‌కు చెందిన మారీ కోండో బోధించింది. 2014లో ఇంగ్లీషులోకి వచ్చిన ఆమె గ్రంథం ప్రపంచమంతటా అల్మారాలను ఖాళీ చేయించింది. ఆ బోధ జడ్చర్లలో చెల్లదు. మేనమామ పేరు చెక్కిన బిందెను చేతిలోకి తీసుకుంటే కలిగేది ఆనందం కాదు, మేనమామ ఇంటికి వచ్చినప్పుడు అది కనబడకపోతే ఏమవుతుందోనన్న భయం. పైగా, పారవేసిన వస్తువు రేపు అవసరపడితే మళ్లీ కొనుక్కోవచ్చునన్న ధీమా మీద ఆ శాస్త్రం నిలబడి ఉన్నది. వానలు నమ్మడానికి వీలులేని ఎగువ నేల మీద, ముంబయి, పుణె నగరాలకు కూలికి పోయివచ్చిన తరాల ఇండ్లలో, మేకు వంగితే సుత్తితో సాపు చేసి దాచే అలవాటు లోభం వల్ల పుట్టలేదు. సారు పరిహాసానికి తగినవాడే గాని, అతడు దాచిన సుతిలిదారం ఉండను చూసి నవ్వేముందు అది ఏ ఇంటినుండి వచ్చిందో చూడాలి. క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ ముప్పై రకాల మనుషుల స్వభావాలను వర్ణిస్తూ, భార్య చేజారవిడిచిన చిల్లర నాణెం కోసం మంచాలను, పెట్టెలను జరిపి వెదికే ఒక పిసినారిని చిత్రించాడు. టేపు సారు అంతకంటె ఉన్నతుడు. అతడు నాణెం పోయినా మంచం జరపడు, జరపడానికి జాగా లేదు.

సారు తీర్థయాత్ర హైదరాబాదుకు. హైటెక్ సిటీలో 2018 ఆగస్టు 9న ఇంటి సామాను అమ్మే ఐకియా సంస్థ భారతదేశంలో తన మొదటి దుకాణాన్ని తెరిచింది. దాని వైశాల్యం దాదాపు నాలుగు లక్షల చదరపు అడుగులు, అనగా సారు గదులు నాలుగు వేలు. చిన్న ఇండ్లలో జాగాను ఎట్లా పొదుపుగా వాడాలో చూపే నమూనా గదులు అందులో ఉంటాయి. 44వ నంబరు జాతీయ రహదారి మీద బస్సెక్కి వెళ్లిన సారు, ఆ గదులన్నిటినీ కొలిచి, ఫొటోలు తీసి, ఏమీ కొనకుండా, భోజనం మాత్రం చేసి తిరిగివచ్చి, మరునాడు వడ్లాయనను పిలిచి ఫోను చూపిస్తాడు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల ప్లైవుడ్ పలక ఒక్కటే తెచ్చి, ముక్క వృథా కాకుండా అందులోనే అయిదు వస్తువులు చేయాలంటాడు. వడ్లాయన పెన్సిలును చెవి మీద పెట్టుకొని, ‘‘సారూ, నాలుగైతయి, అయిదోది మీ లెక్కల ఉన్నది గని పలకల లేదు’’ అంటాడు. అయిదవది కూడా తయారవుతుంది. అది నాలుగవదానికి మూతగా మాత్రమే పనికివస్తుంది. అది చూసి సారు భార్య, ‘‘ఇగ మమ్ములను గూడ మడతవెట్టి ఆ సజ్జ మీద వెట్టుండ్రి’’ అంటుంది. సారు ఆ మాటను ఎత్తిపొడుపుగా తీసుకోక, తల ఎత్తి సజ్జ లోతును ఒకసారి అంచనా కడతాడు.

ఇదే మనిషికి హైవే పక్కన ఒక వెంచరులో, అనగా పొలాన్ని ప్లాట్లుగా విడగొట్టి అమ్మిన చోట, రెండు వందల గజాల స్థలం ఉన్నదంటే కొత్తవారు నమ్మరు. గజం తొమ్మిది చదరపు అడుగులు గనుక అది పద్దెనిమిది వందల చదరపు అడుగులు, పడకగదికి పద్దెనిమిదింతలు. నాలుగు హద్దు రాళ్లు, ఒక తుమ్మచెట్టు తప్ప అందులో ఏమీ లేదు. ఆదివారం నాడు సారు అక్కడికి వెళ్లి రాళ్ల మధ్య దూరం కొలుచుకొని వస్తాడు. ఆ శూన్యం అతనిని బాధించదు, ఎందుకంటే అది ధర పెరుగుతున్న శూన్యం.

చివరకు అందులో ఇల్లు కట్టే ముహూర్తం కూడా వస్తుంది. పడకగదిని పద్నాలుగు పన్నెండుగా వేసుకోవచ్చునని ఇంజనీరు సూచిస్తే, సారు పది పదియే కావాలని పట్టుబడతాడు. మడత బల్ల, పెట్టె మంచం, సొరుగులు, తలుపు వెనుక అర, అన్నీ ఆ కొలతకే కోయించినవి, గది పెద్దదయితే అవి కుదరవు. భార్య ఆ వాదనలోకి దిగక, ఒక్క గది మాత్రం సజ్జ, సెల్ఫు, మేకు ఏదీ లేకుండ, ఊరికే చాప పరుచుకొని కూర్చునేటట్టు ఉంచుండ్రి అని అడుగుతుంది. సారు ఆశ్చర్యకరంగా వెంటనే ఒప్పుకుంటాడు. మునిసిపాలిటీకి దాఖలు చేసిన ప్లానులో ఆ గదిని సజ్జ లేకుండా, సెల్ఫు లేకుండా, ఆమె కోరినట్టే నలుచదరంగా గీసి, నట్టనడుమ చక్కటి అక్షరాలతో ‘స్టోర్ రూం’ అని రాయించాడు.