కొలతకు రాని కుట్టుపనోడు

బేతంచెర్లలో తెరచాపల మాటెత్తితే జనం నవ్వుతారు. ఇక్కడుండేది నాపరాయి. పాలిష్ ఫ్యాక్టరీల పొడి వేపాకుల మీద తెల్లగా పేరుకొని ఉంటుంది. సముద్రం చూడాలంటే రాత్రంతా బండిలో కూచోవాల. టీ అంగడి కాడ కుర్రోళ్లు "తాతా, మద్దిలేటి వాగులో పడవ తోల్తావా?" అని నన్ను ఆటపట్టిస్తారు. వాళ్లకు నేను చెప్పే జవాబు ఒకటే. కర్నూలు-కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది పొలాలకు నీళ్లు పారించడానికే కాదురా, పడవలు నడపడానికి కూడా. ఆ కంపెనీకి గిట్టుబాటు కాక 1882లో సర్కారు కొనేసుకుంది. సీమోనికి పడవెందుకని అడిగేటోళ్లు ముందు ఆ సంగతి తెలుసుకొని రావాల.

నేను 1969లో పదహారేళ్లకే ఇక్కడ మీటరు గేజీ బండెక్కి, దారిలో బండి మారి, విశాఖపట్నం చేరినాను. ఆ కాలంలో నేవీలో చేరే పిల్లోళ్లకు ఐఎన్ఎస్ సర్కార్స్‌లో శిక్షణ ఇస్తుండ్రి. మాకిచ్చిన పడవ పేరు వేలర్. 27 అడుగుల పొడవు, తెడ్లు వేసి నడపొచ్చు, చాపలెత్తీ నడపొచ్చు. బావిలో ఈత తప్ప వేరే నీళ్లెరగని నేను మొదటి నెల కక్కుతూనే ఉన్నాను. రెండో నెలలో నన్ను చాపలు కుట్టే గదిలో కూచోబెట్టినారు. ఆ గది దాటి రావడానికి నాకు మనసొప్పలేదు.

తెరచాప అనే మాటలోనే చాప ఉంది చూడండి. కానీ మా పెద్దాఫీసరు నేర్పించినప్పుడు అది నూలు కాన్వాసు. నంబరు ఎంత తక్కువైతే గుడ్డ అంత మందం. అరచేతికి తోలుపట్టీ తొడిగి, దాని నడుమున్న లోహపు బిళ్లను దబ్బనం వెనకకు ఆనించి తోయాల. దారానికి మైనం రాయాల. అంగుళానికి మూడు కుట్లు, నాలుగోది పడితే విప్పి మళ్లీ కుట్టమంటాడాయన. కొత్త చాపను మొదటి రోజే గట్టిగాలిలో లాగి కట్టకూడదు. కొత్త కోడలిని మొదటి రోజే బావికి తోలినట్టవుతుంది. సన్నగాలిలో నాలుగు పూటలు తిప్పి, నూలు మెల్లగా సాగి కుదురుకున్నాక గదా లాగాల్సింది. తడిసిన చాపను ఆరబెట్టకుండా చుట్టిపెడితే బూజు పడుతుంది. ఒకసారి నేనే అట్ల చుట్టిపెట్టి పండుకున్నాను. తెల్లారి దాని మీద నల్లటి మచ్చలు. వారం పాటు నాకు పడిన శిక్ష ఇక్కడ రాయను. ఆ రోజుల్లో తప్పు చేసినోనికి సాకు చెప్పే అలవాటు లేదు.

పదిహేనేళ్లు చేసి ఊరికొచ్చి, స్టేషను కాడ అంగడి పెట్టినాను. లారీల టార్పాలిన్ పట్టాలు, శనక్కాయ కుప్పల మీద కప్పే పట్టాలు, పెళ్లి షామియానాలు, అన్నీ ఆ దబ్బనంతోనే. రైతు వచ్చి గుడ్డ ముక్కను రెండు చేతుల్లో పట్టి గుంజి, ఒక మూల నోట్లో పెట్టి కొరికి, దాని మీద చెంబు నీళ్లు పోసి, అడుగున చెయ్యి పెట్టి చూసేవాడు. ఆ తర్వాతే బేరం. లారీకి పట్టా కుట్టాలంటే లారీ కాడికి నేనే పోయి కొలిచేవాణ్ని. ఒకే కంపెనీ లారీలైనా బాడీ కట్టిన మేస్త్రీని బట్టి నాలుగు వేళ్లు తేడా వస్తుంది. ఇప్పుడు ఆ నీలం ప్లాస్టిక్ పట్టాలొచ్చినాయి. ఒక ఎండాకాలం దాటితే పొట్టు పొట్టుగా రాలిపోతాయి. కొనేటోడు గుడ్డ ముట్టుకోడు, ఎన్ని అడుగులు, ఎంత అని అడిగి చంకన పెట్టుకొని పోతాడు. చినిగితే మళ్లీ కొంటాడు. నా అంగడి మూతపడి చాలా ఏళ్లయింది. అది వేరే కథ.

మా మనవడు కాలిఫోర్నియాలో ఉంటాడు. శాన్‌ఫ్రాన్సిస్కో నీళ్లలో తిప్పుకోవడానికి, సెలవు రోజుల్లో పెండ్లాం బిడ్డలతో రాత్రి పడవలోనే పడుకోవడానికి ఒక పాత పడవ కొన్నాడు. పేరు కాటలీనా 27. 1971లో మొదలుపెట్టి 6,000కు పైగా చేసిన పడవ అది. మావాడిది 1978 నాటిది, అంటే వానికంటే పెద్దది. నా వేలరూ 27 అడుగులే, వాని పడవా 27 అడుగులే. ఆ లెక్క చెప్పినప్పుడు నాకు ఎందుకో గొంతు పట్టింది. దాని పెద్ద చాప కొత్తది కుట్టించాల్నా వద్దా అని ఫోన్లో పాతదాని బొమ్మలు చూపించినాడు. "జేజినాయనా, ఇంకో రెండేళ్లు వస్తుందంటావా?" అన్నాడు.

కుట్టును బొటనవేలి గోరుతో గీకి చూడు అన్నాను. గీకినాడు. దారం పొడిపొడిగా లేచొచ్చింది. ఆ గుడ్డ డాక్రాన్. పేరు చూసి భయపడొద్దు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు కనిపెట్టినది. ఇంగ్లండోళ్లు టెరిలిన్ అన్నారు, అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ డాక్రాన్ అనింది. మా పెండ్లిళ్లకు టెరిలిన్ చొక్కా వేసుకున్నోడు జమీందారు కింద లెక్క. ఆ చొక్కా గుడ్డే ఈ చాప. నూలు గుడ్డలో దారం లోపలికి దిగిపోతుంది. ఈ గుడ్డ గట్టిది కాబట్టి దారం పైనే నిలబడి ఎండనంతా మోస్తుంది. అందుకే గుడ్డ బతికుండగానే కుట్టు చచ్చిపోతుంది. కుట్టొక్కటే పోయింటే మళ్లీ కుట్టించుకో అనేవాణ్ని. కానీ గుడ్డ కూడా పాత పంచె మాదిరి మెత్తబడింది. పడవలో పండుకొని పైకి చూసి బొమ్మ తీయమన్నాను. గాలి నిండినప్పుడు చాప బొజ్జ ముందు భాగంలో ఉండాల. వానిది వెనక్కి జారిపోయింది. అట్లయితే పడవ ముందుకు పోవడం తగ్గించి పక్కకు వాలుతుంది, చుక్కాని పట్టినోని చెయ్యి పీకుతుంది. "నిజమే, చెయ్యి నొస్తాంది" అన్నాడు.

ఇక ఎవరి కాడ కుట్టించాలనేది. నాకు మండింది ఇక్కడే. మా రోజుల్లో కుట్టేటోడు పడవ కాడికొచ్చి, చాపెత్తే నిలువు కొయ్యను చేత్తో తడిమి, ఏ గాలిలో తిరుగుతావు, ఎంతమంది ఎక్కుతారు అని అడిగి, ఆ తర్వాతే గుడ్డ విప్పేవాడు. ఇప్పుడు పడవ పేరు చెప్తే కంప్యూటరులోంచి కొలతలు దిగుతాయట. లేదంటే నీవే కొలిచి కాగితం నింపి పంపాల. కుట్టేది ఒక దేశం, అమ్మేది ఇంకో దేశం. 1957లో లోవెల్ నార్త్ అనే ఆయన శాన్‌డియాగోలో మొదలుపెట్టిన నార్త్ సెయిల్స్‌కు శ్రీలంకలో పెద్ద కార్ఖానా ఉంది. అమెరికా గాలికి చాప లంకలో తయారు! రాముడు వారధి కట్టుకుంటూ పోవాల్సిన పనే లేదు, చాపలు అక్కడే దొరుకుతుండె. నిజం చెప్పాలంటే కత్తిరింపు మాత్రం మాకంటే వాళ్లదే శుద్ధం. మిషను వెంట్రుకవాసి తప్పదు. ఈ కాలపు గుడ్డను సన్నగాలిలో సాగదీసే తిప్పలూ లేవు, బూజుకు గుడ్డ పుచ్చిపోయే బాధా లేదు. అది ఒప్పుకుంటాను. ఒప్పుకోనిది కొలతకు రాకపోవడం.

మావాడు మూడు ధరలు తెచ్చినాడు. రేవు కాడ ఉండే ఒక ముసలాయనది అన్నిటికంటే ఎక్కువ. అన్నిటికంటే తక్కువది ఫోన్లో దొరికిన ఒక అంగడిది, పేరెందుకు లే. నేను అడగమన్నవి కొన్నే. గుడ్డ ఏ మిల్లుది, బరువు ఎన్ని ఔన్సులు, మూలల్లో ఎన్ని పొరలు వేస్తావు, గాలి ఎక్కువైతే చాపను కుదించి కట్టే రీఫ్ వరసలు ఎన్ని? రెండుండాల అన్నాను. ఎండాకాలం మధ్యాహ్నమైతే ఆ గోల్డెన్ గేట్ సందులోంచి గాలి మన ఆషాఢం గాలి మాదిరే దూసుకొస్తుందట. ఆషాఢంలో మన జొన్నచొప్ప వాముల మీద రాళ్లు పెడతాం, నీవు చాప తగ్గించుకోవాల, అంతే తేడా. పందేలకు పోయేటోళ్లు వాడే పొరలు అతికించిన గుడ్డలు నీకొద్దన్నాను. రాత్రి పడవలో బిడ్డల్ని పండబెట్టుకునేటోనికి వేగమెందుకు, పదేళ్లు నిలిచే గుడ్డ కావాల గానీ. అన్నిటికీ తలాడించి, తక్కువ ధరదే తీసుకున్నాడు. మా ఇంట్లో మాట వినే అలవాటు మూడు తరాల కిందటే పోయింది.

చాప వచ్చింది, తెల్లగా, కరకరలాడుతూ. గుడ్డ మంచిదే. కొయ్యలోని గాడిలో జారడానికి అంచుకు గుబ్బలుంటాయి. కాగితంలో వాటి కొలత అడిగితే మావాడు కంటితో చూసి రాసినాడట, ఆ అంగడోళ్లూ మారు అడగలేదు. గుబ్బలు ఒక పిసరు లావైనాయి. చాప సగానికెక్కి ఇరుక్కుంది. గాలి లేనప్పుడు కాబట్టి నవ్వుకున్నారు. గాలిలో కిందికి దిగకపోయింటే? చివరికి ఆ ముసలాయన కాడికే మోసుకుపోయినాడు. ఆయన పడవ కాడికొచ్చి, గాడిలో వేలు పెట్టి చూసి, ఒక మధ్యాహ్నంలో గుబ్బలన్నీ మార్చినాడు. అడగకుండానే వెనకంచు మీద ఒరుసుకుంటున్న తాడు చూపించి అక్కడ తోలు ముక్క కుట్టినాడట. చేత్తోనా మిషనుతోనా అని అడిగినాను. "చేత్తోనే, అరచేతికి ఏదో తోలు కట్టుకున్నాడు" అన్నాడు. ఆ దినం రాత్రి నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఆ పాత చాపను పెట్టెలో పెట్టి తెచ్చిచ్చినాడు. శనక్కాయలకు పనికిరాదు, నీళ్లు కారుతుంది. కుట్లు నాలుగు చోట్ల మళ్లీ వేసి వాకిట్లో వేపచెట్టుకూ మిద్దెగోడకూ కట్టినాను, నా మంచం దాని కిందనే. మూడు మూలల గుడ్డ కాబట్టి మంచం నాలుగో కోడుకు మాత్రం పొద్దుగూకేదాకా ఎండ తగులుతానే ఉంటుంది.