అరటి డొప్ప అక్విడెక్టు

పిల్లల చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వడానికి భయపడ్డాను. అదే పిల్లల కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ తగిలించడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నా తెలివితక్కువతనమంతా ఇక్కడే ఉంది.

వేసవి సెలవులకి మా చెల్లెలి పిల్లలు వస్తారు. ఇంజనీరింగ్ అంటే వాళ్లకి ఇప్పటినుంచే మోజు పుట్టాలని నా ఆశ. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లున్నాయి. ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇస్తారు, త్రీడీ ప్రింటర్ల దగ్గర్నుంచి సెన్సర్ల దాకా ఉంటాయి. అయితే అవి ఆరో తరగతి నుంచి పైవాళ్లకి. మావాళ్లు రెండూ, మూడూ చదువుతున్నారు. ల్యాబ్ లేకపోతేనేం అనుకుని, ఫోను లోపల పెట్టే రకం హెడ్‌సెట్ కొన్నాను. వీడియోల్లో ఆనకట్టలూ వంతెనలూ నది మీదుగా వెళ్లే కాలవలూ చూపించాను.

కాసేపటికే పెద్దది "మావయ్యా, తల తిరుగుతోంది" అంది. అలవాటవుతుందిలే అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. హెడ్‌సెట్‌లో దగ్గరి వస్తువు చూసినప్పుడు రెండు కళ్లూ లోపలికి తిరుగుతాయి గానీ, కంటి కటకం మాత్రం ఎప్పుడూ ఒకే దూరానికి సర్దుకుని ఉండాలి. పైగా పిల్లల కనుపాపల మధ్య దూరం తక్కువ. పెద్దల కొలతకి చేసిన అద్దాలు వాళ్లకి కుదరవు. మెటా కంపెనీయే తన క్వెస్ట్ హెడ్‌సెట్లు పదేళ్లలోపు వాళ్లకి వద్దంటుంది. ఇదంతా కొనకముందే చదవాల్సింది, తర్వాత చదివాను.

చిన్నవాడి ప్రశ్న ఇంకా గట్టిగా తగిలింది. "కింద గోదారి ఉంటే పైన కాలవ ఎలా వెళ్తుంది?" జవాబుగా మళ్లీ అదే వీడియో పెట్టాను. పి. గన్నవరంలో గోదారి పాయ వైనతేయ మీదుగా రాజోలు వైపు కాలవని దాటించే అక్విడెక్టు మా ఊరికి దగ్గర్లోనే ఉంది. కాటన్ దొర కాలం నాటి పాత కట్టడం, దాని పక్కనే కొత్తది. అవి వదిలేసి ఎక్కడివో చూపిస్తున్నాను!

ఆ వారంలోనే పక్కింట్లో తాపీ మేస్త్రీ నీళ్లు నింపిన ట్యూబుతో గోడ మట్టం చూస్తుంటే పిల్లలు చుట్టూ చేరారు. ఆయన వాళ్లని కసరలేదు, ఒక కొస వాళ్ల చేతికే ఇచ్చారు. అరుగు ఈ చివర, ఆ చివర నీళ్లు ఒకే ఎత్తులో నిలిస్తే వాళ్లు కేకలేశారు. ఆ సాయంత్రమే దొడ్లో అరటి డొప్పలు తెచ్చి, ఇటుకల మీద వరసగా పేర్చి, బోదె మీదుగా నీళ్లు పారించారు. వాలు ఎక్కువైతే నీళ్లు అంచు దాటి దూకాయి. తక్కువైతే నిలిచిపోయాయి. ఒక ఇటుక తీసి, చిల్లపెంకు పెట్టి, మళ్లీ ట్యూబుతో చూసుకున్నారు. నేను నోరు మెదపలేదు. మెదపడానికి నా దగ్గర ఏమీ లేదు.

హెడ్‌సెట్‌ని నేను తోసెయ్యను. నది ఇసక కింద పునాది ఎలా ఉందో, తిరిగే పంపు లోపల ఏం జరుగుతుందో కంటితో చూడలేం. వాళ్లు కాస్త పెద్దయ్యాక అది పనికొస్తుంది. ఇప్పుడు మాత్రం సుత్తి, కొలత టేపు, స్క్రూడ్రైవరు ఇచ్చి పక్కనే కూర్చుంటున్నాను.

గన్నవరం తీసుకెళ్లాను కూడా. పాత కమాన్ల కింద నిలబడి పెద్దది అడిగింది: సిమెంటు లేని రోజుల్లో ఇన్ని నీళ్లు కారకుండా ఎలా ఆపారు మావయ్యా అని. సున్నంతో అన్నాను. సున్నం ఎలా ఆపుతుందంది. ఆదివారం మేస్త్రీగారి ఇంటికి వెళ్తున్నాం.