రెండేళ్ళ గ్రీన్ కార్డు: ఇండియా ప్రయాణానికి ముందు వినకూడని తొమ్మిది సలహాలు

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ళలో చాలామందికి గ్రీన్ కార్డు ఉద్యోగం దారిలో వచ్చింది. హెచ్1బి, ఐ-140, ప్రయారిటీ డేట్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూపు, చివరికి గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485. ఆ దారిలో ప్రతి మలుపూ వాళ్ళకు కంఠతా వచ్చు. పెళ్ళి ద్వారా కార్డు పొందినవాళ్ళ దారి వేరు, రూల్సూ వేరు. అయినా సలహా చెప్పేది ఎక్కువగా ఆ మొదటి దారిలో వచ్చిన అన్నయ్యలూ, వదినలూ, బాబాయిలే. మంచి మనసుతోనే చెబుతారు. కానీ వాళ్ళ కేసుకు సరిపోయిన మాట మీ కేసును ముంచేయవచ్చు.

అమెరికా పౌరులనో గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళనో పెళ్ళి చేసుకుని ఆ బంధం మీద శాశ్వత నివాసం పొందేవాళ్ళకు, ఆ రోజుకు పెళ్ళయి రెండేళ్ళు నిండకపోతే షరతుతో కూడిన రెండేళ్ళ కార్డే ఇస్తారు. కాగితాల కోసం చేసుకునే దొంగ పెళ్ళిళ్ళను ఆపడానికి 1986లో తెచ్చిన చట్టం ఇది. ఆ షరతు తీసేయమని కోరే దరఖాస్తు పేరు ఐ-751. ఉద్యోగం మీద కార్డు వచ్చిన భర్తతోపాటు డిపెండెంట్‌గా కార్డు పొందిన భార్యకు ఈ షరతు ఉండదు. అందుకే ఆ ఇంట్లోవాళ్ళకు దీని సంగతి తెలియకపోవడంలో వింత లేదు. తెలియనివాళ్ళు చెప్పే మాటల్లో తరచుగా వినిపించేవి ఇవి.

1. "గడువు అయిపోతోంది కదా, రెన్యూవల్‌కు వేసెయ్"

పదేళ్ళ కార్డు గడువు తీరితే ఐ-90 వేస్తారు. రెండేళ్ళ కార్డుకు అది పనికిరాదు. ఇక్కడ తీరిపోయేది ప్లాస్టిక్ ముక్క గడువు ఒక్కటే అనుకోకండి. ఐ-751 వేయకుండా రెండేళ్ళు నిండితే మీ నివాస హోదాయే చట్టప్రకారం ముగిసిపోతుంది, దేశం నుంచి పంపించే కేసు కూడా మొదలుకావచ్చు. కార్డు తీసి చూడండి. మీకు నివాస హోదా వచ్చిన తేదీకీ కార్డు గడువుకీ మధ్య రెండేళ్ళే ఉంటే మీరు వేయాల్సింది ఐ-751.

2. "ప్రయాణం ఉంది కదా, చాలా ముందే పంపించెయ్"

ముందు పంపితే ముందే పని అవుతుందన్న లెక్క ఇక్కడ కుదరదు. భార్యాభర్తలు కలిసి వేసే ఐ-751ని గడువుకు ముందున్న 90 రోజుల్లోనే వేయాలి. అంతకన్నా ముందు చేరిన దరఖాస్తును తిప్పి పంపేయవచ్చు. అది పోస్టులో వెనక్కి వచ్చి మీరు మళ్ళీ పంపేలోగా అసలు గడువు దగ్గరపడుతుంది. ఆ సమయంలో మీరు ఇండియాలో ఉంటే అది తిరిగొచ్చిన సంగతే తెలియకపోవచ్చు.

ఉదాహరణకు మీ కార్డు 2026 నవంబర్ 20న ముగుస్తుందనుకోండి. 90 రోజులు వెనక్కి లెక్కిస్తే ఆగస్టు 22. ఆ సంవత్సరం దసరా, దీపావళి రెండూ ఈ మధ్యలోనే పడతాయి. పండక్కి ఊరెళ్ళాలనుకుంటే ఆగస్టు ఆఖరుకే దరఖాస్తు వెళ్ళిపోయేలా కాగితాలన్నీ జూలైలో సిద్ధం చేసుకోండి. తేదీ లెక్క మీద అనుమానం ఉంటే అమెరికా ఇమిగ్రేషన్ సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లో దానికోసమే కాలిక్యులేటర్ ఉంది. ఫీజు 2024 ఏప్రిల్‌లో 750 డాలర్లయింది. పంపే రోజున ఫీజు, చెల్లించే పద్ధతి, పంపాల్సిన చిరునామా మరోసారి సరిచూసుకోండి.

3. "ముందు వెళ్ళిరా, వచ్చాక నింపుకోవచ్చు"

ఆలస్యంగా వేస్తే ఎందుకు ఆలస్యమైందో రాసి, తగిన కారణం ఉందని రుజువు చూపాలి. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం అధికారి చేతిలో ఉంటుంది. ఆస్పత్రిలో ఉన్నామంటే వింటారేమో గానీ, చెల్లెలి పెళ్ళి పనుల్లో మరిచిపోయామంటే వినకపోవచ్చు.

నిజంగా వెంటనే బయల్దేరాల్సి వస్తే దానికీ మార్గం ఉంది. ఐ-751 వేసే నాటికి మీరు అమెరికాలోనే ఉండాలన్న నియమం లేదు. మీరు విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్నా, ఫారం మీద పెన్నుతో సంతకం పెట్టి స్కాన్ చేసి పంపితే, అమెరికాలో ఉన్న జీవిత భాగస్వామి దాన్ని ప్రింట్ తీసి తన సంతకంతో కలిపి పంపవచ్చు. స్వయంగా పెట్టిన సంతకానికి తీసిన కాపీని అంగీకరిస్తారు. ఇంటర్వ్యూకు పిలిస్తే మాత్రం ఇద్దరూ అమెరికాలో హాజరు కావాలి.

4. "ఐ-751 వేశాక దేశం దాటితే కేసు రద్దయిపోతుంది"

ఈ భయం ఐ-485 రోజులది. ఐ-485 పెండింగులో ఉండగా అడ్వాన్స్ పెరోల్ (ముందస్తు ప్రయాణ అనుమతి) లేకుండా వెళ్తే, హెచ్1బి లాంటి కొన్ని వీసాల మీద ఉన్నవాళ్ళను మినహాయించి, దరఖాస్తు వదులుకున్నట్టే. ఆ పాఠం చాలా ఇళ్ళలో బలంగా నాటుకుపోయింది. కానీ ఐ-751 వేసే మీరు ఇప్పటికే శాశ్వత నివాసి. మీకు అడ్వాన్స్ పెరోల్ అక్కర్లేదు. దరఖాస్తు అందగానే యూఎస్‌సీఐఎస్ పంపే రసీదు మీ కార్డు గడువును పొడిగిస్తుంది. 2023 జనవరి నుంచి ఆ పొడిగింపు 48 నెలలు. గడువు తీరిన కార్డు, ఆ రసీదు కలిపి చూపితే ఉద్యోగం చేయవచ్చు, వెళ్ళి రావచ్చు.

ఈ తప్పు మాట నమ్మి కన్నవాళ్ళ చివరి చూపుకు కూడా వెళ్ళకుండా ఉండిపోకండి. అంత త్యాగం చట్టం మిమ్మల్ని అడగలేదు.

5. "రసీదు ఫోటో ఫోన్‌లో ఉంటే చాలు"

తిరుగు ప్రయాణంలో, శంషాబాద్ విమానాశ్రయంలో మిమ్మల్ని మొదట ఆపేది విమానం కంపెనీ కౌంటర్‌లోని ఉద్యోగి. కార్డు మీద తేదీ దాటిపోయి కనిపిస్తుంది. పొడిగింపు కాగితం అసలుది చేతిలో పెడితే పని జరుగుతుంది, ఫోన్‌లో ఫోటో చూపిస్తే వాదన మొదలవుతుంది. పాస్‌పోర్ట్, పాత కార్డు, అసలు రసీదు మూడూ చేతి సంచిలోనే ఉండాలి. చెక్-ఇన్ పెట్టెలో వేయకండి. జిరాక్స్ ఒకటి వేరుగా దాచుకోండి.

రసీదు ఇంకా రాలేదు, కార్డు గడువు దగ్గరపడింది, ప్రయాణం తప్పదు అన్నప్పుడు యూఎస్‌సీఐఎస్‌ను సంప్రదించి, మీ నివాస హోదాకు రుజువుగా ఐ-551 స్టాంపు అడగండి.

దారిలో దిగే దేశం సంగతి కూడా చూసుకోండి. అమెరికా గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు కొన్ని దేశాలు వీసా సడలింపు ఇస్తాయి గానీ, తేదీ దాటిన కార్డుకు జతచేసిన కాగితాన్ని అన్ని దేశాలూ ఒకేలా చూడవు. టికెట్ కొనేముందే ఆ దేశం నియమం కనుక్కోండి.

6. "వేలిముద్రలకు పిలిస్తే అప్పుడు చూద్దాం"

కొందరికి పాత వేలిముద్రలనే వాడుకుంటారు, కొందరిని బయోమెట్రిక్స్‌కు రమ్మంటారు. మీరు ఏ జాబితాలో ఉంటారో ముందుగా తెలియదు. పిలుపు పట్టించుకోకుండా, తేదీ మార్చమని అడగకుండా ఊరుకుంటే దరఖాస్తు వదిలేసినట్టు లెక్కవేసే ప్రమాదం ఉంది. అందువల్ల మీరు ఊళ్ళో లేనప్పుడు పోస్టు డబ్బా తెరిచి, యూఎస్‌సీఐఎస్ కవరు ప్రతిదీ విప్పి ఫోటో పంపే నమ్మకమైన మనిషి ఒకరుండాలి. తేదీ మార్చాలంటే ఆ తేదీ రాకముందే అడగాలి. అదనపు రుజువులు పంపమని ఉత్తరం వస్తే దానిలో రాసిన గడువులోపు జవాబు వెళ్ళాలి. ఇల్లు మారితే పది రోజుల్లో కొత్త చిరునామా తెలపడం చట్టం పెట్టిన బాధ్యత.

7. "పురిటికి వెళ్ళి ఏడాది ఉండి రా, మధ్యలో ఓసారి మొహం చూపిస్తే చాలు"

పుట్టింట్లో పురుడు పోసుకోవాలన్న కోరిక తప్పు కాదు. అది ఎన్ని నెలలవుతుందో లెక్క చూసుకోవాలి, అంతే. 180 రోజులు దాటి బయట ఉంటే తిరిగి వచ్చినప్పుడు కొత్తగా ప్రవేశం కోరుతున్నవాళ్ళలా ప్రశ్నించవచ్చు. ఏడాది దాటితే మీ కార్డు లోపలికి రావడానికి చెల్లదు. ఎక్కువ కాలం తప్పదనుకుంటే ముందే రీఎంట్రీ పర్మిట్‌కు పెట్టుకోవాలి. ఆ దరఖాస్తు మీరు అమెరికాలో ఉండగానే వేయాలి. షరతు ఉన్నవాళ్ళకు ఆ పర్మిట్ రెండేళ్ళ వరకో, షరతు తీసేయించుకోవాల్సిన తేదీ వరకో, ఏది ముందైతే అంతవరకే ఇస్తారు.

ఆరు నెలలకోసారి వచ్చి వెళ్ళడం రక్ష అనుకోకండి. ఇల్లు, పన్నులు, ఉద్యోగం, సంసారం అన్నీ ఇండియాలో ఉండి, అమెరికాకు చుట్టపుచూపుగా వస్తున్నట్టు కనిపిస్తే, చిన్న చిన్న ప్రయాణాల మీద కూడా నివాసం వదులుకున్నారని అనవచ్చు. పౌరసత్వం లెక్క ఇంకా కఠినం. పౌరులను పెళ్ళి చేసుకుని వాళ్ళతో కలిసి ఉంటున్నవారు మూడేళ్ళకే ఎన్-400 వేయవచ్చు గానీ, ఒకే ప్రయాణం ఆరు నెలలు దాటితే వరుస నివాసం తెగిందనే భావిస్తారు. తెగలేదని రుజువు చేసుకునే బరువు మీ మీద పడుతుంది.

విమానాశ్రయంలో ఎవరైనా ఐ-407 ఫారం ముందుపెట్టి సంతకం పెట్టమంటే చదవకుండా పెట్టకండి. అది గ్రీన్ కార్డును మీ ఇష్టంతో వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం. పెట్టనని చెప్పి, ఇమిగ్రేషన్ జడ్జి ముందు నా మాట వినిపిస్తానని అడిగే హక్కు మీకుంది.

8. "పెళ్ళి ఆల్బం పంపితే చాలు, మనది పెద్దలు కుదిర్చిన పెళ్ళి"

జీలకర్ర బెల్లం ఫోటోలు, అయిదు వందల మంది భోజనాల వీడియో మీ పెళ్ళి జరిగిందని చెబుతాయి. అధికారి చూసేది పెళ్ళి తర్వాతి రెండేళ్ళు. ఇద్దరి పేర్లున్న ఇంటి లీజు లేదా లోను, కలిసి వేసిన టాక్స్ రిటర్న్‌లు, నిజంగా వాడుకున్న జాయింట్ బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్లు, ఒకరి పేరు మరొకరు పెట్టుకున్న బీమా కాగితాలు, పిల్లలుంటే వాళ్ళ జనన ధ్రువపత్రాలు, మిమ్మల్ని దగ్గరగా ఎరిగినవాళ్ళు సంతకం చేసిన అఫిడవిట్లు కావాలి. ఖాతా తెరిచి వంద డాలర్లు వేసి వదిలేస్తే ఆ ఖాతా మీ పక్షాన ఏమీ చెప్పదు.

మీరు నెలల తరబడి ఇండియాలో ఉన్నట్టయితే ఆ కాలానికి రుజువు మరింత అవసరం. ఎందుకు వెళ్ళారో, ఆ రోజుల్లో ఇద్దరూ ఎలా మాట్లాడుకున్నారో, డబ్బు ఎలా పంపుకున్నారో, ఆయనో ఆమెనో ఎప్పుడు వచ్చి చూసి వెళ్ళారో చూపే కాగితాలు జతచేయండి.

9. "సర్దుకుపో, కార్డు చేతికొచ్చేదాకా నోరు విప్పకు"

తొమ్మిదింటిలో ఎక్కువ హాని చేసేది ఇదే. సంతకం ఇద్దరిదీ కావాలి కనుక, కొట్టినా తిట్టినా పడి ఉండాలని, లేకపోతే భర్త ఇండియాకు పంపించేస్తాడని చాలామంది అమ్మాయిలు నమ్ముతారు. నమ్మించేవాళ్ళూ ఉంటారు. అది నిజం కాదు. హింసకు, తీవ్రమైన మానసిక క్రూరత్వానికి గురైన భార్య లేదా భర్త ఒంటరిగా ఐ-751 వేసుకునే వీలును 1990 చట్టంలోనే కల్పించారు. అవతలి మనిషి సంతకం అక్కర్లేదు, విడాకులు కానక్కర్లేదు. నిజాయితీగా చేసుకున్న పెళ్ళి విడాకులతో ముగిసినా, భాగస్వామి చనిపోయినా కూడా ఒంటరిగా వేయవచ్చు. ఇలాంటి దరఖాస్తులకు 90 రోజుల కట్టుబాటు లేదు. విడాకుల కారణం చెబితే కోర్టు డిక్రీ చూపాలి. పెద్దమనుషుల ముందు రాసుకున్న ఒప్పందం చాలదు.

ప్రయాణంతో ముడిపడిన మోసం ఒకటుంది. "అమ్మానాన్నలను చూసి రా" అని ఇండియా తీసుకెళ్ళి, పాస్‌పోర్టూ గ్రీన్ కార్డూ తీసుకుని భర్త ఒక్కడే తిరిగి వచ్చేస్తాడు. ఇలా జరిగితే మొదట పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. ఏడాది దాటకముందే అమెరికా కాన్సులేట్‌లో ఐ-131ఏ ద్వారా, కార్డు లేకుండా విమానం ఎక్కనిచ్చే పత్రం కోరండి. ఐ-751 గడువు దగ్గరుంటే ఇండియా నుంచే వేయించండి. జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై పెళ్ళిళ్ళ ఫిర్యాదుల కోసం ప్రత్యేక విభాగం ఉంది.

అమెరికాలో ఉండగా ప్రమాదం ఎదురైతే 911. మాట్లాడి దారి తెలుసుకోవాలంటే గృహహింస జాతీయ హెల్ప్‌లైన్ 1-800-799-7233. దక్షిణాసియా మహిళల కోసం న్యూజెర్సీలో 1985 నుంచి మానవి, న్యూయార్క్‌లో 1989 నుంచి సఖి పనిచేస్తున్నాయి. ఇలాంటి కేసుల్లో ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, విమానం ఎక్కకండి.

ఈ వారమే చేయాల్సినవి

ఈ సలహాలన్నిటి వెనకా ఒకే లోపం ఉంది. కార్డు ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషికి తప్ప మిగతా అందరికీ ఆ కార్డు గురించి అభిప్రాయాలున్నాయి. చాలా ఇళ్ళలో కోడలి కాగితాలు భర్త ఫైల్లోనో మామగారి బీరువాలోనో ఉంటాయి. తన గడువు ఎప్పుడో ఆమెకు తెలియదు. దాన్ని మార్చండి.

మీ కార్డు రెండు వైపులా, పాస్‌పోర్ట్ ప్రతి పేజీ, పెళ్ళి ధ్రువపత్రం స్కాన్ చేసి మీకు మాత్రమే పాస్‌వర్డ్ తెలిసిన ఈమెయిల్‌లో దాచుకోండి. గడువు తేదీ, దానికి ముందు 90వ రోజు, రెండూ క్యాలెండర్‌లో రాసుకోండి. యూఎస్‌సీఐఎస్ ఆన్‌లైన్ ఖాతా మీ పేరుతో మీరే తెరవండి. టికెట్ తేదీలు వాటిని చూశాకే ఖాయం చేయండి. పిల్లలకు కూడా రెండేళ్ళ కార్డే ఉంటే, మీతో పాటు లేదా మీ తర్వాత 90 రోజుల్లో ఆ హోదా వచ్చినవాళ్ళను మీ దరఖాస్తులోనే చేర్చవచ్చు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకు విడిగా వేయాలి.

ఇక మీద ఎవరు సలహా చెప్పినా ఒక ప్రశ్న వేయండి: "మీరు ఎప్పుడైనా ఐ-751 వేశారా?" లేదంటే వాళ్ళ ప్రేమకు కృతజ్ఞతలు చెప్పి, ఫారంతో పాటు వచ్చే సూచనల పత్రం మీరే మొదటి నుంచి చివరి దాకా చదవండి. అందులో అర్థం కానిది లాయర్‌ను అడగండి. ఈ దేశంలో ఉండే హక్కు మీ పేరు మీద వచ్చింది. దాన్ని కాపాడుకునే పని కూడా మీ చేతుల్లోనే ఉండాలి.