ఐరాల నుంచి హార్స్‌లీ కొండకు

హార్స్‌లీ కొండ మదనపల్లెకు ముప్పై కిలోమీటర్ల లోపు దూరంలో, బి.కొత్తకోట మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉండే చిన్న వేసవి విడిది. చిత్తూరు జిల్లా ఐరాల నుంచి అక్కడికి పోయిరావడం ఒక్కరోజు పని. పోదామా వద్దా అన్న చర్చ మాత్రం మామిడి పూత నాడు మొదలై కాయ కోతకొచ్చినా తెమలదు.

కొండను చూడటానికి ఐరాలవాళ్లు అంత దూరం పోవలసిన అవసరం పైకి కనిపించదు. ఊరి చుట్టూ గుట్టలకు కొదవలేదు. అయితే రోజూ కళ్లెదుట ఉండే గుట్టను ఎవరూ చూడదగ్గ స్థలంగా లెక్కించరు. దాన్ని మేకలు ఎక్కుతాయి. మనిషి పనిగట్టుకుని ఎక్కాలంటే ఆ గుట్టకు ఘాట్ రోడ్డో, గెస్ట్ హౌసో, కనీసం ఒక దొర పేరో ఉండాలి. హార్స్‌లీ కొండకు ఈ మూడూ ఉన్నాయి.

దొర పేరు రాకముందు దీన్ని ఏనుగు మల్లమ్మ కొండ అనేవాళ్లు. మల్లమ్మ అనే పిల్ల ఈ కొండమీద ఏనుగుల సాకుడులో పెరిగిందనీ, చుట్టుపక్కల జనానికి జబ్బు చేస్తే నయం చేసేదనీ, ఒకనాడు ఎవరికీ కనిపించకుండా పోయిందనీ స్థలకథ. ఆమె గుడి కొండమీద ఇప్పటికీ ఉంది. పంతొమ్మిదో శతాబ్దం నడుమ కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యూ.డి. హార్స్‌లీ ఎండలకు తాళలేక ఇక్కడ బంగళా కట్టించుకున్నాడు. ఆమె ఊళ్ల జబ్బులు నయం చేసింది, ఆయన తన చెమట ఆర్చుకున్నాడు. కొండ ఆయన పేరుమీద నమోదైంది.

ఆనాటికి మదనపల్లె ప్రాంతం కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. 2022లో జిల్లాలను విడగొట్టినప్పుడు అన్నమయ్య జిల్లాలోకి పోయింది. ఇన్ని జిల్లాలు తిరిగినా కొండ ఉన్నచోటి నుంచి అంగుళం కదల్లేదు. 'మన జిల్లా కొండ' అని చుట్టాలను గర్వంగా పిలుచుకుపోయే ఐరాల పెద్దలకు మాత్రం 2022 నుంచి కొంచెం మొహమాటంగా ఉంది. పరాయి జిల్లా కొండకు ఇంత డీజిలు పోయడమేమిటని ఇంట్లో అడిగేవాళ్లు ఉంటారు.

ఎండకు ఓర్వలేని దొరలు ఎక్కడికి పోయినా చేసింది ఇదే. చైనాలో యాంగ్‌ట్సీ నదికి దగ్గరగా ఉన్న లూషాన్ పర్వతం మీద ఎడ్వర్డ్ సెల్బీ లిటిల్ అనే ఇంగ్లీషు మతప్రచారకుడు 1895లో నేల కౌలుకు తీసుకుని, ముక్కలు చేసి సాటి తెల్లవాళ్లకు అమ్మాడు. కొండ పక్కన ప్లాట్లు వేసి అమ్మడం తిరుపతిలో పుట్టిన విద్య అనుకునేవాళ్లు ఈ సంవత్సరాన్ని గుర్తుంచుకోవాలి. అలా వెలిసిన గూలింగ్ అనే కొండ ఊరు హార్స్‌లీ కొండతో ఇంచుమించు సమానమైన ఎత్తులోనే ఉంది. అక్కడి సినిమా హాల్లో 1980లో తీసిన 'లూషాన్ ప్రేమకథ'ను దశాబ్దాల తరబడి రోజూ వేస్తూ గిన్నిస్ రికార్డు కొట్టారు. హార్స్‌లీ కొండమీద సినిమా హాలు లేదు. ఉండుంటే ఐరాల యాత్రికుల ముఖ్య సమస్య ఏనాడో తీరిపోయేది. ఆ సమస్య ఏమిటన్నది కొండ ఎక్కాక చెప్పుకోవలసిన సంగతి.

ప్రయాణంలో అన్నిటికంటే కష్టమైనది తేదీ కుదరడం. కొండ చల్లదనం అవసరమయ్యేది మే, జూన్ నెలల్లో. తోటల్లో తోతాపురి చేతికొచ్చేదీ దరిదాపు అప్పుడే. కాయ చెట్టుమీద ఉండగా రైతు కొండ ఎక్కడు. కాయ కోసి గుజ్జు ఫ్యాక్టరీకి తోలిన తర్వాత కావలసినంత తీరిక దొరుకుతుంది గానీ, డబ్బులు ఎప్పుడొస్తాయో తెలియదు. డబ్బులు వచ్చేసరికి వానలు పడి ఐరాలే చల్లబడుతుంది. ఈ కారణంగా ఎండ తప్పించుకోవడానికని హార్స్‌లీ కొండకు పోయే కుటుంబాల్లో చాలా భాగం ఎండలు అయిపోయాకే పోతాయి.

అయినా స్వెటర్లు మూట కట్టుకోకుండా ఎవరూ బండి ఎక్కరు. పైకి పోయేకొద్దీ గాలిమీద ఒత్తిడి తగ్గుతుంది, గాలి వ్యాకోచిస్తుంది, ఆ పనిలో తనలోని వేడి కొంత ఖర్చు పెట్టుకుంటుంది. లెక్కకు ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయి. ఐరాలకూ కొండ కొసకూ ఎత్తులో తేడా వెయ్యి మీటర్ల లోపే కాబట్టి దక్కేది ఓ ఆరు డిగ్రీలు. ఊళ్లో 40 ఉన్ననాడు కొండమీద 34 అన్నమాట. ఈ ఆరు డిగ్రీలను ఎదుర్కోవడానికి కుటుంబం మంకీ క్యాపులు, ఊలు సాక్సులు, ఏదో సన్మానంలో తాతకు కప్పిన శాలువా, కొడుకు కాలేజీ టూరులో ఊటీలో కొన్న స్వెటరు వెంట తీసుకుపోతుంది. ఊటీ 2,240 మీటర్ల ఎత్తు. ఆ స్వెటరు అక్కడి చలికి నేసింది. హార్స్‌లీ కొండను 'ఆంధ్రా ఊటీ' అంటారు. అరకునూ అదే పేరుతో పిలుస్తారు. ఈ రెండు విషయాల్లోనూ ఊటీని ఎవరూ అడగలేదు.

తిండి సంగతి ఇంతకంటే గంభీరమైనది. రాగి సంగటి దూరప్రయాణానికి పనికిరాదు, చల్లారితే బిగుసుకుంటుంది. అందుకని చిత్రాన్నం, పెరుగన్నం, ఊరిబిండి, నిప్పట్లు, మురుకులు, బొరుగులు. కొండమీద హోటలు ఉందని తెలిసినవాళ్లు కూడా ఇవన్నీ కట్టుకుంటారు. హోటలు ఉండటం వేరు, దాన్ని నమ్మడం వేరు.

ప్రశాంతత వెతుక్కుంటూ బయల్దేరిన బండి ముందుగా ఆగేది మండలంలోకెల్లా సందడిగా ఉండేచోట. కాణిపాకం ఐరాల మండలంలోనే ఉంది. వరసిద్ధి వినాయకుడికి టెంకాయ కొట్టకుండా చక్రం కదిలించడం మర్యాద కాదు. బావిలో వెలిసిన ఈ స్వామి ఎదుట అబద్ధం ఆడితే చెల్లదని నమ్మకం. అందుకే ఊళ్ల తగాదాల్లో కాణిపాకంలో ప్రమాణం చేస్తావా అన్నది ఆఖరి మాట. డీజిలు ఖర్చు బండిలో ఉన్న ఇళ్లవాళ్లంతా సమంగా పంచుకోవాలన్న ఒప్పందం ఇక్కడే కుదుర్చుకుంటే మంచిది. పీలేరు దాటాక ఆ మాట ఎత్తితే వినేవాళ్లు ఉండరు, అందరూ నిద్రపోతుంటారు.

దారి దామలచెరువు, పీలేరు, వాయల్పాడు మీదుగా సాగుతుంది. దామలచెరువులో మామిడి మండీల ముందు బండి దానంతటదే నెమ్మదిస్తుంది. ఇంటిపెద్ద అద్దం దించి టన్ను ధర కనుక్కుని, తాను అమ్మిన ధరతో పోల్చుకుని, వాయల్పాడు దాకా మాట్లాడడు. రైల్లో పోదామనుకునేవాళ్లకు పాకాల నుంచి ధర్మవరం పోయే లైను ఉంది. దానిమీద మదనపల్లె రోడ్ అనే స్టేషనూ ఉంది. ఆ పేరులో మదనపల్లెను నమ్ముకుని దిగినవాళ్లకు మిగిలేది రోడ్డే. స్టేషను సి.టి.ఎం. అనే పల్లె దగ్గర ఉంది, ఊరు ఇంకా కిలోమీటర్ల అవతల.

మదనపల్లెలో ఆగి చూడవలసినవి నిజంగానే ఉన్నాయి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో బస చేసినప్పుడు 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చాడు. దాని స్వరరచనను కాగితం మీద పెట్టడంలో మార్గరెట్ కజిన్స్ పాలుపంచుకుంది. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఆయన ఆలోచనతో మొదలైన రిషివ్యాలీ బడి దగ్గర్లోనే ఉంది. ఊరి పక్కన ఆరోగ్యవరంలో 1915 నుంచి క్షయ ఆస్పత్రి నడిచింది. క్షయకు మందు లేని ఆ రోజుల్లో పొడిగాలి, విశ్రాంతి, నోరు మూసుకుని పడుకోవడం, ఇవే చికిత్స. అంటే ఇప్పుడు గదికి అద్దె కట్టి తీసుకునేదాన్ని ఒకప్పుడు డాక్టరు చీటీ రాసి ఇచ్చేవాడు. ఐరాల బండి వీటిలో దేని ముందూ ఆగదు. టిఫిను వేళ అయి ఉంటుంది. పిల్లలకు ఠాగూరు పేరు, పెద్దలకు దోసె పేరు ఒకేసారి వినబడితే రెండోదే గెలుస్తుంది.

ఘాట్ రోడ్డు మొదలుకాగానే బండిలో పాటలు ఆగి నిమ్మకాయలు బయటికొస్తాయి. మలుపుల్లో కిటికీ పక్క సీటు ఎవరిదన్న విషయంలో అంతదాకా ఉన్న వయసు, వరస, మర్యాద లెక్కలన్నీ రద్దవుతాయి. కడుపులో తిప్పుతున్నది ఎవరికో వాళ్లదే సీటు. ఇదే అదనుగా ఏమీ తిప్పనివాళ్లు కూడా ముఖం వేలాడేస్తారు.

కొండమీద బండి దిగిన తర్వాత జరిగే మాటలు ఏ కుటుంబంలోనైనా ఇంచుమించు ఇలా ఉంటాయి.

"ఇదేనా నాయనా? ఇంగా పైకి పోవల్లా?"

"ఇదే అవ్వా. ఇంగ పైన ఏమీ లేదు."

"అదే అడగతా ఉండా, ఏమీ లేదా అని."

ముఖ్య సమస్య ఇదే. హార్స్‌లీ కొండమీద చెట్లున్నాయి, బండలున్నాయి, గాలి ఉంది, గవర్నరు బంగళా ఉంది, గంగోత్రి అనే చెరువు ఉంది. ఒక మహా నీలగిరి చెట్టు ఉంది. దాన్ని 1859లో నాటారని చెబుతారు. వేళ పట్టున చేయవలసిన పని మాత్రం ఒక్కటీ లేదు. తిరుమలకు పోతే క్యూ ఉంటుంది. క్యూలో నిలబడటం, ముందువాళ్లను తిట్టడం, లడ్డూలు లెక్కపెట్టడం, ఇంతలో రోజు గడుస్తుంది. ఇక్కడ క్యూ లేదు. చింతచెట్టు కింద అరుగుమీద పొద్దు గుంకేదాకా ఊరకే కూర్చోవడం ఐరాల పెద్దమనిషికి కొత్తేమీ కాదు. అదే పనిని నూరు కిలోమీటర్లకు పైగా వచ్చి, డబ్బులు పెట్టి చేయాలనేసరికి ఆయన ప్రాణం ఒప్పుకోదు. పది నిమిషాలకొకసారి లేచి "ఇంగేముండాదో చూద్దాం పదండప్పా" అంటాడు.

అలా పోగా పోగా వచ్చేవి గాలిబండలు. కొండ అంచున పరుచుకున్న ఈ బండల మీద గాలి ఎడతెగకుండా, గట్టిగా కొడుతుంది. కింద పల్లెలు, చెరువులు, రోడ్లు చిన్నవిగా కనిపిస్తాయి. మనుషులు ఇక్కడ రెండు రకాలుగా ప్రవర్తిస్తారు. సెల్‌ఫోను ఉన్నవాళ్లు లోయకు వీపు పెట్టి నిలబడతారు. లేనివాళ్లు లోయకేసి చూసి, అదిగో అది మన ఐరాల అని వేలు చూపిస్తారు. ఆ దిక్కున కనిపించేది ఐరాల కావడానికి వీల్లేదు. అయినా తాత చూపించాక కాదనడం బాగుండదు కాబట్టి అందరూ తలాడిస్తారు, కోడలు అందులో తమ ఇంటి మిద్దెను కూడా గుర్తుపడుతుంది.

పక్షులు చూసేవాళ్లకు ఈ కొండ పేరున్న చోటు. పసుపు గొంతు పికిలిపిట్ట దక్షిణ భారతంలోని రాతిగుట్టల మీద తప్ప ప్రపంచంలో మరెక్కడా ఉండదు. దాని కోసం దూరాల నుంచి కెమెరాలు మోసుకుని ఇక్కడికి వస్తారు. వాళ్లు పొదల పక్క గంటలసేపు మాట్లాడకుండా కూర్చుంటారు. ఐరాల వాళ్లకు వీళ్లను చూడటం పిట్టను చూడటం కంటే ఆసక్తిగా ఉంటుంది. ఏం పోగొట్టుకున్నారో కనుక్కుందామని మామ ఒకరు దగ్గరికి పోయి గట్టిగా పలకరిస్తారు. ఆ తర్వాత అక్కడ పిట్ట ఉండదు.

నిశ్శబ్దం ఎక్కువైనప్పుడు దాన్ని సరిచేయడానికి కుర్రవాళ్ల దగ్గర బ్లూటూత్ స్పీకరు ఉంటుంది. పెద్ద ప్లాస్టిక్ బంతిలో మనిషిని కూర్చోబెట్టి దొర్లించే ఆట కూడా వచ్చింది, జోర్బింగ్ అంటారు. ఘాట్ రోడ్డులో కడుపు తిప్పి నిమ్మకాయ వాసన చూసిన కుర్రవాడే డబ్బులిచ్చి అందులో దూరతాడు.

మధ్యాహ్నం అన్నాల మూట విప్పడంతో కొండమీది కోతులు పనిలోకి దిగుతాయి. చిత్రాన్నం వైపు చూడవు, పెరుగన్నాన్ని అసలు లెక్కచేయవు. వాటి కన్ను నిప్పట్ల డబ్బా మీదే. మూత తిప్పి తీయాలా లాగి తీయాలా అన్నది అవి డబ్బా కొన్నవాళ్లకంటే తొందరగా కనిపెడతాయి. డబ్బా పోయిన తర్వాత కుటుంబంలో ఆ రోజుకు మొదటిసారి అందరూ కలిసి నవ్వుతారు, నిప్పట్లు కాల్చిన మనిషి తప్ప.

రాత్రికి గది తీసుకునేవాళ్లు తక్కువ. తెల్లారితే పాలు పితకాలి, మోటరు వేయాలి, కరెంటు ఏ వేళ ఇస్తారో తెలియదు. నిజానికి కొండ బాగుండేది ఆ రాత్రి, ఆ మర్నాటి తెల్లవారుజామునే. పగటి బండ్లన్నీ దిగిపోయి, మంచు బండలకు ఆనుకుని నిలిచే ఆ వేళకు స్వెటర్లు కూడా పనికొస్తాయి. స్వెటర్లు అప్పటికి ఐరాల పెట్టెలోకి చేరిపోయి ఉంటాయి.

తిరుగు దారిలో మదనపల్లెలో బండి తప్పకుండా ఆగుతుంది, టమాటాల కోసం. ఇక్కడి టమాటా మార్కెట్టు దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. 2023 జూలైలో కిలో ధర రెండు వందల రూపాయల దగ్గరికి ఎగబాకింది. ఇంకో కాలంలో కోత కూలి కూడా గిట్టక రైతులు పంటను రోడ్డు పక్కన పారబోస్తారు. ఆ రోజు ధర ఎంతయినా సరే, మదనపల్లె దాకా వచ్చి టమాటా కొనకుండా పోవడం పద్ధతి కాదని అవ్వ అభిప్రాయం. రెండు బాక్సులు బేరం చేసి సీట్ల కింద తోస్తారు. ఐరాల చేరేసరికి అడుగు వరస నలిగి ఉంటుంది. అవి ఆ రాత్రే పచ్చడి అవుతాయి. గట్టివి తెల్లారి చుట్టుపక్కల ఇళ్లకు పోతాయి. తీసుకున్నవాళ్లు కొండ ఎలా ఉందని అడగరు, బాక్సు ఎంతని అడుగుతారు. చెప్పిన తర్వాత, మన ఐరాల అంగట్లో కూడా అదే ధర కదమ్మే అంటారు.